ఇష్టపడేది

కెమెరా ముందు దర్జీ అన్నది ఒకే మాట. "మా పాప కుక్కలంటే భయపడేది. ఒంటరిగా వీధి మలుపు కూడా దాటేది కాదు."

పాప కనబడక అప్పటికి తొమ్మిది రోజులు. ఆ సాయంత్రానికల్లా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలైంది.

"భయపడేది అన్నాడు, విన్నారా? భయపడుతుంది అనాలిగా. పిల్ల ఇక లేదని వీడికి తెలుసు."

పాపను వెతకడానికి ఒక్క అడుగు వేయనివాళ్లు వ్యాకరణంతో తండ్రిని ఉరి తీశారు. కుట్టమని ఇచ్చిన బట్టలు సగం వెనక్కి పట్టుకుపోయారు.

ఇవాళ పోలీసులు మళ్లీ కెమెరా ముందు మాట్లాడమన్నారు. కుట్టుమిషన్ పక్కన కూర్చుని భార్య అతనిచేత మాటలు వల్లె వేయించింది.

"మా పాప రోజూ పాలు తాగుతుంది," అన్నాడు.

"అదీ, అలాగే అనండి. తాగేది అని నోరు జారకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్నా?"

"చిన్నపిల్లాడైతే ఎవరూ తప్పు పట్టరు లెండి."

ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె ఒళ్లో ఉన్న పాప గౌను మడత పెడుతూ, "ఈ రంగంటే ఎంత ఇష్టపడేదో," అంది.

దర్జీ చటుక్కున తలెత్తి ఆమెను చూశాడు. పాప కనబడకుండా పోయిన మధ్యాహ్నం ఇంట్లో పిల్ల దగ్గర ఉన్నది ఆమె ఒక్కతే.

చూపు తిప్పుకున్నాడు గాని, అప్పటికే ఆమె చూసేసింది.

గౌను పక్కన పెట్టి, ఫోన్ తెచ్చి అతని చేతికిచ్చింది.

"పెట్టండి, మీరు కూడా వాళ్ల గ్రూపులో," అంది.