మూడు నుంచి ఆరు దాకా

ఆ ఉదయం ఆ ఖాళీ ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు, తాళాలు బాగుచేసే ఆయన, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆయన భార్య, వాళ్ల ఆరేళ్ల బుడ్డోడు, ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చిన ఒక ముసలావిడ.

బ్రోకరు ఉన్నాడన్న మాటే గానీ, ఫోను చెవికి ఆనించుకుని మేడ మీదే తిరుగుతున్నాడు.

ఇల్లు ఆమెకు నచ్చింది. ఇంటికన్నా బస్సు ఎక్కువ నచ్చింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా గడియారం చూసుకుంటూనే కూర్చుంది. లాండ్రీ గేటు నుంచి ఈ వీధి మొదలు దాకా ఒకటే బస్సు, ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇప్పుడున్న చోటికైతే రెండు బస్సులు మారాలి, గంటా నలభై నిమిషాలు.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. బడి మూడింటికి వదులుతారు. ఎంత పరుగెత్తినా ఆమె ఇల్లు చేరేసరికి ఆరవుతుంది.

ఇన్నాళ్లూ బుడ్డోడు మెడలో తాళంచెవి వేసుకుని, ఇంట్లో ఒక్కడే కూర్చుంటున్నాడు. పోయిన నెల ఆ తాళం తిరగలేదు. ఆమె వచ్చేసరికి వాడు వానలో మెట్ల మీద ముడుచుకుని ఉన్నాడు. పెదాలు నీలం తిరిగాయి.

తాళాలాయన ఇంట్లోనే తాళం మొరాయించిందని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకున్నారు. ఆమె నవ్వలేదు. ఇల్లు మారేదాకా ఊరుకోనంది.

ఈ వీధి సంగతి చెప్పింది లాండ్రీ సూపర్వైజరు. వీధి చివర నీలం తలుపు ఇంట్లో బడి పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకుంటారట. ఎనిమిదిమందికి మించి చేర్చుకోరట. ఇప్పుడు ఒక్క చోటు ఖాళీ ఉందట. ఇల్లు ఖాయం కాగానే వెళ్లి కాళ్లావేళ్లా పడైనా ఆ చోటు సంపాదించాలని ఆమె అనుకుంది.

ఈలోగా ఈ ముసలావిడ దిగింది.

చెప్పులు గుమ్మం బయటే విడిచింది గానీ, ఆవిడ చూపులు మాత్రం ఇల్లంతా తిరిగొచ్చాయి. బుడ్డోడి ముందు గొంతుక్కూర్చుని, ఊడిపోయిన వాడి బూటు లేసు ముడేసింది. ముడేస్తూనే ఆయన ఎక్కడ పనిచేస్తాడో అడిగింది. ఆమె పొద్దున ఎన్నింటికి బయల్దేరుతుందో, మళ్లీ ఎన్నింటికి వస్తుందో అడిగింది.

ఆయన నీళ్ల కుళాయి చూద్దామన్న వంకతో భార్యని వంటింట్లోకి పిలిచాడు.

"ఆవిడ నడుము చూశావా?"

చూసింది. కొంగు చాటున పెద్ద తాళంచెవుల గుత్తి. ఒక్కో చెవికి ఒక్కో రంగు దారం.

"ఏడు చెవులు. ఏ రెండూ ఒక్క రకం కాదు. అవి ఒక ఇంటివి కావు, ఏడిళ్లవి" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. దొంగ ముందు తాళం చూడడు. టైం అడుగుతాడు."

ఆమె గబగబా ముందుగదిలోకి నడిచింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ముసలావిడ బుడ్డోడితో కబుర్లలో పడింది. బడి నుంచి వచ్చాక ఏం చేస్తావని అడుగుతోంది. వాడు జవాబుగా మెడలోని తాళంచెవి బయటికి లాగబోయాడు. ఆమె గభాలున వెళ్లి, వాడి కాలరు సర్దుతున్నట్టు నటించి, తాళంచెవిని చొక్కాలోకి తోసేసింది.

"నువ్వొచ్చేదాకా ఇంట్లో ఎవరుంటారు తల్లీ?" ముసలావిడ ఈసారి ఆమెనే అడిగింది.

"మా అత్తయ్య ఉంటారు. గడప దాటి ఎక్కడికీ వెళ్లరు."

అత్తగారు పోయి నాలుగేళ్లయింది.

"పెద్దావిడ కదా. ఏ పూటైనా ఒంట్లో బాగుండకపోతే?"

"మా అత్తయ్యకి జలుబు కూడా చేయదు పెద్దమ్మా."

ముసలావిడ బుడ్డోడి మెడ మీది దారం వంక కాసేపు చూసింది. ఇంకేదో అడగబోయి మానుకుంది. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచి, పెద్ద దిక్కున్న ఇల్లు అదృష్టమని చెప్పి, గుత్తి గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఆయన వెనకే వెళ్లి గడియ పెట్టాడు. పెట్టి, రెండుసార్లు లాగి చూశాడు.

"అబద్ధమేముందిలే. అమ్మ ఫొటో గోడ దిగి ఎక్కడికెళ్తుంది?" అన్నాడు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇక్కడికొస్తే తలుపుకి ఇంకో తాళం తనే బిగిస్తానన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఇల్లు ఖాయమైంది.

నాలుగింటికి ఆమె బుడ్డోడికి తల దువ్వి, చెయ్యి పట్టుకుని వీధి చివరికి నడిచింది. వానలో తడిసిన సంగతి ముందు చెప్పాలా, చివర చెప్పాలా అని దారంతా వల్లె వేసుకుంది. పొద్దున వేసిన బూటు లేసు ముడి ఇంకా వదులవ్వలేదు.

నీలం తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చాప మీద పిల్లలు. ఇద్దరు లెక్కలు చేస్తున్నారు, ఒకత్తి బొమ్మ గీస్తోంది, ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గోడ పక్కన వాళ్ల బడి సంచులు వరసగా ఉన్నాయి. ఒక్కో సంచికి ఒక్కో రంగు దారం.

ఆ రంగుల్ని ఎక్కడ చూసిందో గుర్తొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

ఎనిమిదో సంచికి పసుపు దారం ముడేస్తున్న మనిషి తలెత్తి చూసింది. లేచి గుమ్మం దాకా వచ్చింది. నడుము దగ్గర గుత్తి గలగలమంది.

"పెద్దమ్మగారూ, పొద్దున మేము..."

"మీ సూపర్వైజరు మరీమరీ చెప్పింది తల్లీ. నా దగ్గరున్న ఆ ఒక్క చోటూ నీ కొడుక్కే ఇద్దామని వచ్చాను. ఇంట్లో పెద్దదిక్కు ఉందన్నావు కదా, ఎవరూ లేని పిల్లకిచ్చేశాను" అని ముసలావిడ బుడ్డోడి తల నిమిరి, లోపల నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడకుండా, నీలం తలుపు మెల్లగా మూసేసింది.