ఏడో నంబరు పేషెంటు

“ఈ పిల్లాడెవరు?” అన్నాడు ఆడిటరు, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పుతూ.

“ఎవరూ కాదండీ. టెస్ట్ పేషెంటు,” అంది టెస్టింగ్ మేడమ్.

పక్కన కూర్చున్న మేనేజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఎన్నో ఆసుపత్రుల రోగుల వివరాలు ఈ కంపెనీ క్లౌడ్‌లోనే ఉంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ పనితీరు చూడటానికి అనుమతి లేకుండా అసలు రోగుల వివరాలు వాడకూడదు. అందుకని ఉత్తుత్తి రోగుల్ని తయారు చేసి, వాళ్ల మీద పరీక్షిస్తారు. మొదటినుంచీ ఆ తయారీ ఆమెదే. వాళ్లలో ఒక్కరు నిజం మనిషని తేలినా ఈ ఆడిటరు కంపెనీకి భద్రతా సర్టిఫికెట్ ఇవ్వడు. ఆమెకు ఉద్యోగం ఉండదు.

“మిగతావాళ్లని చూడండి,” అన్నాడు ఆడిటరు. “అందరూ జనవరి ఒకటినే పుట్టారు. అందరిదీ ఒకటే ఎత్తు. అందరికీ జ్వరమే. ఒకాయనకైతే రెండు కాన్పులు కూడా అయ్యాయి.”

మేనేజరుకి నవ్వొచ్చింది. “అక్కా, ఆ మహానుభావుడెవరు?”

“ఆడా మగా గడి మార్చడం మర్చిపోయుంటాను.”

“పర్లేదు, నేను తప్పుపట్టడం లేదు,” అన్నాడు ఆడిటరు. “కల్పించిన మనుషులు అలాగే ఉంటారు. కానీ ఈ ఏడో నంబరు అలా లేడు. మొదట టీకాలు, ఆలస్యంగా వచ్చిన పళ్లు. మూడో ఏట చెవిపోటు. ఏటా పుట్టినరోజుకి ఎత్తూ బరువూ. పోయినేడు కళ్లజోడు కూడా వచ్చింది. ఇన్నేళ్లూ ఏవీ ఒకేసారి ఎక్కించినవి కావు. ఏ ఏటివి ఆ ఏడే ఎక్కాయి.”

“పిల్లల వార్డు సాఫ్ట్‌వేర్‌కి పెరిగే పిల్లాడు కావాలి కదండీ.”

“కావాలి. మరి ఇదేంటి?” అతను కిందకి జరిపి చదివాడు. “సైకిల్ మీంచి పడ్డాడు. మోచేతికి కుట్లు. వేస్తున్నంతసేపూ ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడ్చాడు.”

చదివి ఆమె వైపు తలెత్తాడు.

“ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకి, ఇంటికెళ్లాక ఏడ్చాడని ఎలా తెలుసు మేడమ్? ఇది ఆ ఇంట్లో ఉన్నవాళ్లు రాసింది.”

“రాస్తే రాశాను. ఊహించి రాశాను.”

“మీ పిల్లాడా?”

“నాకు పిల్లల్లేరండీ.”

“మీ చెల్లెలి కొడుకేమో అక్కా?” మేనేజరు బతిమాలుతున్నట్టు అడిగాడు. “అయితే చెప్పెయ్. ఏదో ఒకటి సర్దుకుందాం.”

“దానికి ఇద్దరూ ఆడపిల్లలేనయ్యా. నువ్వు వాళ్ల పెళ్లిళ్లకొచ్చి భోంచేశావు కూడా.”

“అవును కదా,” అని మేనేజరు తల గోక్కున్నాడు.

ఆడిటరుకి మాత్రం అంతా తికమకగానే ఉంది. అసలు రోగుల వివరాల్లో ఈ మోచేయి, ఈ కళ్లజోడు, ఈ చెవిపోటు కలిసేవాళ్ల కోసం ముందురోజే వెతికించాడు. ఒక్కరూ కలవలేదు. కాపీ కొట్టిందనుకుందామంటే, ఎక్కడినుంచి కొట్టిందో లేదు. కల్పించిందనుకుందామంటే, కాన్పయిన మగాణ్ణి దిద్దడానికి తీరిక లేని మనిషి ఈ ఒక్కడి మీద ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టినట్టు?

చివరికి లాప్‌టాప్ ఆమె ముందుకి తోశాడు.

“ఒక పని చెయ్యండి. వీడు కల్పితమే అయితే మీ చేత్తోనే తుడిచెయ్యండి. ఇంకో పిల్లాణ్ణి తయారు చేసుకోండి. నేను సంతకం పెట్టి వెళ్లిపోతాను.”

“హమ్మయ్య,” అన్నాడు మేనేజరు. “ఎంతలో పని! ఒక్క నొక్కు నొక్కక్కా.”

ఆమె వేలు మీట మీదకి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

“అక్కా, నొక్కు.”

“చేస్తున్నా ఉండు.”

“ఇందులో ఆలోచించేదేముంది? నీ ఉద్యోగం, మా అందరి ఉద్యోగాలు… అసలు లేని పిల్లాడి కోసం!”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది.

“నావల్ల కాదు,” అంది మెల్లగా.

ఆడిటరు నిట్టూర్చాడు. గెలిచినట్టు లేదు అతనికి. “అయితే నిజం పిల్లాడే. ఎవరో తల్లి నమ్మి ఇచ్చిన వివరాలు మీరు ఇన్నేళ్లుగా వాడుకుంటున్నారు. ఆవిడకి తెలుసా?”

“తెలుసు.”

“తెలుసా! మరి ఇందాకటినుంచీ ఎవరూ కాదంటారేంటి?”

ఆడిటరు తన ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

“సరే. ఒక్క దారుంది. మైనరు కాబట్టి తల్లి అనుమతి కాగితం ఇస్తే వీణ్ణి ఉంచుకోవచ్చు. కాగితం ఇదిగో. సాయంత్రం లోపల ఆవిడతో సంతకం చేయించుకు రండి.”

“ఉంచుకోవచ్చా? నిజంగా?”

“తల్లి ఒప్పుకుంటే.”

ఆమె అతని చేతిలోంచి పెన్ను అందుకుని, నిలబడే సంతకం పెట్టేసింది.

“మీరు కాదు మేడమ్. తల్లి పెట్టాలి.”

“తల్లే పెట్టింది.”

మేనేజరు నోరు తెరిచాడు. ఆడిటరు కాగితం వంకా ఆమె వంకా చూశాడు. ఇంతసేపూ తనని ఆటపట్టించిందేమోనని కాస్త కోపం కూడా వచ్చింది.

“పిల్లల్లేరని ఇప్పుడే కదా అన్నారు! సరే, ఫోన్ చెయ్యండి. వాడితో ఒక్క మాట మాట్లాడి ముగించేస్తాను. ఎక్కడున్నాడు, స్కూల్లోనా?”

ఆమె ఏడో నంబరు వంక చూసింది.

“పుట్టిన పూటే పోయాడండీ.”