పగలని పలక

"ఒత్తిడి ఇంకా పెంచు రెమో," అంది ఓడీల్.

"వంద దాటాం. ఇక పెంచి ప్రయోజనం లేదు."

"పెంచమన్నానా?"

మందపు అద్దం అవతల, ఇనుప పెట్టెలో అరచేయంత సిలికాన్ పలక ఉంది. దాని కడుపులో వెంట్రుకంత సన్నటి కాలువలు. కణాల జాడ పట్టే చిప్పులు వేడెక్కకుండా వాటిలో చల్లటి ద్రవం పారాలి. కాలువ చిట్లితే యంత్రం మొత్తం మూలపడుతుంది.

అచ్చం ఇలాంటి పలకనే నిన్న యంత్రంలో బిగించి, గాలంతా తోడేసి, జెనీవా పొలాల కింది సొరంగంలోకి దింపేశారు. ఇక ఐదేళ్ల దాకా దాన్ని తెరవడం ఎవరి తరమూ కాదు.

సిరా చుక్క అంటినా లోపల శూన్యం చెడుతుందని పలకల మీద గుర్తులు పెట్టరు. పేర్లన్నీ డబ్బాల మీదే. మొన్న ఆ డబ్బాలు కడిగి, ఆరబెట్టి, పలకలు తిరిగి సర్దింది ఓడీలే.

ముల్లు రెండు వందలు దాటింది. ఓడీల్ అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది.

డైరెక్టర్ లూసియన్ తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో వైన్ సీసా. పరీక్షలున్నది నెగ్గడానికేనని ఆయన నమ్మకం.

"ఎంతలో ఉంది?"

"మూడొందలు," అన్నాడు రెమో నీరసంగా.

"పగల్లేదా?"

"లేదండీ."

"ఇంకేం మరి, కిందున్నదీ దీని కవలేగా. ఈ వైన్ మా బావమరిది తోట సరుకు, చల్లగా ఉండగానే తాగాలి. కాస్త నవ్వు ఓడీల్, చావింట్లో కూర్చున్నట్టు ఆ మొహమేంటి?"

ఓడీల్ ఆయన మాట విననేలేదు. "ఇంకొక్కసారి రెమో. నీకు దణ్ణం పెడతాను."

"పంపు ఇంతకంటే తొయ్యలేదు. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

పలక చెక్కు చెదరలేదు. ఓడీల్ నేల మీద కూలబడి ఏడ్చేసింది. ఆనందబాష్పాలనుకుని లూసియన్ బిరడా లాగాడు.

ఎక్స్‌రేలో పగులు కనిపించిందని, ఎంతలో పేలుతుందో చూసి పారేద్దామని పక్కన పెట్టిన పలక ఆ ఇనుప పెట్టెలో ఉండాల్సింది. అది నిన్ననే సొరంగంలోకి దిగిపోయింది.