మేబెల్ ఆగిన మలుపు

"ఈ కొరడా నాకొద్దమ్మా," అన్నాడు ముసలాయన.

లొరెట్టాకు పొద్దున్నే నీరసం వచ్చింది.

అరిజోనా లోయలోకి టూరిస్టుల్ని కంచరగాడిదల మీద దింపి, మళ్లీ పైకి చేర్చడం ఆమె ఉద్యోగం. ఆమె ఇంకా చేస్తూనే ఉంది గానీ, మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి.

"కొట్టడానికి కాదు సార్. మీ కంచర ముందుదాని తోకను అంటుకునే నడవాలి. వెనకబడిందంటే అందుకోవడానికి పరుగెడుతుంది. ఆ దారిలో పరుగు బాగుండదు."

"ఎంత బాగుండదు?"

"కిందికి చూస్తే మీకే తెలుస్తుంది."

ఆయన నవ్వి కొరడాను మణికట్టుకు తగిలించుకున్నాడు. అది అక్కడ గాజులా ఊరికే వేలాడింది.

"ఆ బూడిద రంగుదాన్ని నాకిస్తారా?"

లొరెట్టా గతుక్కుమంది.

ఆ బూడిద రంగుది మేబెల్. లొరెట్టా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వచ్చిన పిల్ల. ఇప్పుడిద్దరికీ ఆయాసమే. ఎక్కుడు దారిలో మేబెల్ ఊపిరి కోసం ఆగిపోతోంది. అది ఆగితే వెనక వరసంతా ఆగాల్సిందే.

ఇంకొక్కసారి ఆగితే వేలానికి పంపేస్తామన్నారు ఆఫీసువాళ్లు. సంగతి తేల్చడానికి వచ్చే వారం ఎవరో వస్తారట. ముసలి కంచరను వేలంలో ఎవరు కొంటారో, కొని ఏం చేస్తారో లొరెట్టాకు తెలుసు. ఆ తలపు వస్తే ఆమెకు అన్నం సహించదు.

అందుకే కొన్నాళ్లుగా దాని మీద బక్కవాళ్లనే ఎక్కిస్తోంది. ముసలాయన్ని ఎగాదిగా చూసింది. ఎండుపుల్లలా ఉన్నాడు.

"సరే, ఎక్కండి. ఒక్క మాట. దారిలో పగ్గం మాత్రం లాగకండి. లాగితే అది ఆగుతుంది."

"లాగనమ్మా."

ముందు లొరెట్టా, ఆమె వెనక ముసలాయన, ఆయన వెనక గులాబీ టోపీ పెట్టుకున్న ఒహాయో ఆవిడ, ఆపైన మిగతావాళ్లు. వరస దిగడం మొదలైంది.

మొదటి మలుపులో లొరెట్టా కంచరలన్నిటినీ ఆపి, మొహాలు లోయ వైపు తిప్పి నిలబెట్టింది.

గులాబీ టోపీ కెవ్వుమంది. "ఇదేంటమ్మా! దీని తలకాయ గాల్లో ఉంది!"

"అంచు ఎక్కడుందో దానికి కనిపించాలండీ. అటు వీపు పెట్టి నిలబెడితే వెనక్కి అడుగేస్తుంది."

"నాకు కనిపించక్కర్లేదుగా!"

"మీరు కళ్లు మూసుకోండి. అది మూసుకోకపోతే చాలు."

కిందికి దిగడం బాగానే జరిగింది. దిగడం ఎప్పుడూ బాగానే జరుగుతుంది.

తిరుగు దారిలో ఎండ రాళ్లలోంచి కూడా కొట్టింది. అందరూ మాటలు మానేశారు. నిట్టనిలువు మలుపు దగ్గర వెనక డెక్కల చప్పుడు ఆగిపోయింది.

లొరెట్టా వెనక్కి తిరగకుండానే కళ్లు మూసుకుంది.

"ఏమైంది? దీనికేమైంది?" వెనక నుంచి గులాబీ టోపీ అరిచింది. "ముసలిదాన్ని తెచ్చి మా ముందు కట్టారా? పైకెళ్లాక ఆఫీసులో చెప్పాల్సిందే!"

"దాని తప్పేం లేదమ్మా," అన్నాడు ముసలాయన. "పగ్గం నేనే లాగాను. అదిగో, ఆ రాబందును చూద్దామని."

లొరెట్టాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. ప్రతి వరసలోనూ పగ్గం లాగే మహానుభావుడు ఒకడుంటాడు. ఇవాళ ఆ వాటా మేబెల్‌కే పడింది.

"లాగనని మాటిచ్చారు కదండీ! చెవులు టోపీ నిలబడ్డానికా దేవుడిచ్చింది?"

"తప్పేనమ్మా."

"మా మనవడు నయం," అంది గులాబీ టోపీ.

ముసలాయన క్షమాపణ మొదలుపెట్టాడు. లొరెట్టాకు చెప్పాడు. గులాబీ టోపీకి చెప్పాడు. వరస చివరివాళ్లకు వినబడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. చిన్నప్పటి నుంచీ తనకు పక్షుల పిచ్చి అన్నాడు. మేబెల్ డొక్కలు ఎగసిపడటం తగ్గేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఈ వయసువాళ్లు మొదలుపెడితే ఆపరు, అనుకుంది లొరెట్టా.

పైకి చేరేలోగా ఆయనకు మరోసారి రాబందు కనిపించింది.

ఈసారి లొరెట్టా ఆకాశంలోకి చూసింది. మబ్బు తునక కూడా లేదు.

"మీలాంటివాళ్ల వల్లే సార్, నోరులేని జీవాల మీదకి మాటొస్తుంది!"

ఆయన తలొంచుకున్నాడు.

పైన దొడ్డి దగ్గర, అలవాటు ప్రకారం, లొరెట్టా ఒక్కొక్కరినీ దింపి చెయ్యి కలిపింది. గులాబీ టోపీకి కూడా కలిపింది. ముసలాయన చెయ్యి చాపేసరికి అటు తిరిగి మేబెల్ జీను పట్టీ విప్పడం మొదలుపెట్టింది.

ఆ చెయ్యి కాసేపు గాల్లో ఉండి, మేబెల్ మెడ మీద ఆనింది. తర్వాత ఆయన వెళ్లిపోయాడు.

దొడ్డి చూసుకునే వెర్న్ నీళ్ల బకెట్టుతో వచ్చేసరికి సాయంత్రపు దుమ్ములో కార్లన్నీ కదిలిపోయాయి.

"ఎలా జరిగింది లొరెట్టా?"

"మేబెల్‌కి ఒట్టి శనిగాడు తగిలాడు. ఒకటికి రెండుసార్లు పగ్గం లాగాడు."

"ఆయనా అదే అన్నాడులే. నా ఫోన్ అడిగి తీసుకుని మరీ చెప్పాడు. 'కంచర బంగారం, ఎక్కినవాడికే బుద్ధి లేదు' అని."

"ఎవరితో?"

"ఆఫీసుతో."

జీను ఎత్తబోతున్న లొరెట్టా ఆగిపోయింది.

"ఆఫీసుకీ ఆయనకీ ఏం సంబంధం?"

వెర్న్ బకెట్టు మేబెల్ ముందు పెట్టాడు.

"దీన్ని ఉంచాలో అమ్మాలో తేల్చమని వాళ్లు పంపిన మనిషి ఆయనేనట, వచ్చే వారం దాకా ఎందుకని ఇవాళే వచ్చాడు."