మధ్యాహ్నం ఫోను

మిషన్ మీద జాకెట్టు చెయ్యి సగంలో ఉండగా ఫోను మోగింది.

తహసీన్ విసుగ్గా ఎత్తింది.

"తిన్నావా తల్లీ?" అవతల ఓ పెద్దావిడ గొంతు.

"ఇంకా లేదండీ."

"ఇంకా లేకపోవడమేంది? లేచి రెండు ముద్దలు తిను. మెత్తగా నమిలి తిను."

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని నరసరావుపేటలో తన ఇంటికి వచ్చిన మర్నాటి నుంచీ రోజూ ఇదే వరస.

ఆస్పత్రి నుంచి పంపించే రోజు నర్సు ఎలిజబెత్ చెప్పనే చెప్పింది.

"ఆకలి పుట్టించే హార్మోన్ని తయారుచేసే కణాలు ఎక్కువగా ఉండేది జీర్ణాశయం పైభాగంలోనే. ఆ భాగం తీసేశాం. కొన్నాళ్లు ఆకలి తెలియకపోవచ్చు. వేళకు గుర్తుచేసే మనిషి కావాల. ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సిస్టర్. అమ్మీ పోయింది."

నర్సు ఫోను నంబరు అడిగితే తహసీన్ గట్టిగానే చెప్పింది. పక్క మంచానికీ తనకీ మధ్య తెర వేసి ఉంది.

అందుకే ఈ పనికి ఆస్పత్రివాళ్లే ఎవరినో పెట్టారనుకుంది.

ఇదివరకు ఆ ఇంట్లో ఆకలైనా పలకరించేది. ఇప్పుడు అదీ లేదు. కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. ఆ దిగులంతా ఫోను మీద చూపించేది.

"ఏం కూర?" అడిగిందావిడ ఓ రోజు.

"పెసరపప్పు."

"నేనూ అదే వండా. నువ్వు కూర్చో, నేనూ కూర్చుంటా." వెనక చర్చి గంట వినిపించింది.

"మీకు వేరే పేషెంట్లు లేరా?"

ఆవిడ నవ్వింది. "నువ్వొక్కదానివే తల్లీ."

పెళ్లివాళ్లు జాకెట్ల కోసం గుమ్మంలో నిలబడిన రోజు తహసీన్‌కు ఓపిక చచ్చిపోయింది.

"ఇక ఫోను చెయ్యకండి. అలారం పెట్టుకున్నా. అదే గుర్తుచేస్తుంది."

అవతల కంచం పక్కకు జరిపిన చప్పుడైంది.

"అట్టాగే తల్లీ. వేళకు తిను మరి."

మళ్లీ ఫోను రాలేదు. అలారం మాత్రం తప్పకుండా మోగేది. అది ఏం కూరని అడగదు.

పరీక్షలకని ఆస్పత్రికి వెళ్లినప్పుడు తహసీన్ సిగ్గు విడిచి అడిగింది.

"నాకు ఫోను చేసే పెద్దావిడ ఎక్కడ సిస్టర్? మళ్లీ చెయ్యమని చెప్పాల."

"ఫోన్లు చెయ్యడానికి మేం ఎవర్నీ పెట్టలేదే?" అంది ఎలిజబెత్.

తహసీన్ నంబరు చూపించింది. ఎలిజబెత్ దాన్ని తన ఫోనులో కొట్టింది. పేరు కనబడగానే ఆమె ముఖం వాడిపోయింది.

"రెంటచింతల ఫిలోమినమ్మ. పోయిన నెల చనిపోయింది. ఉన్నట్టుండి తిండి మానేసిందంట. నీరసంతో పడిపోతే చూసే దిక్కు లేదు, ఇంట్లో ఆమె ఒక్కతే."

"మానేయడమేంది సిస్టర్? నాకు రోజూ తినమని చెప్పిందే ఆమె!" అంది తహసీన్.

ఎలిజబెత్ మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు తెర అవతల మంచం ఆమెదే తల్లీ, నీకు చేసిన ఆపరేషనే ఆమెకూ చేశాం."