ఆడబిడ్డ కన్ను

"అదిగో సార్, ఆ ఇంటి కన్నే! నా పందిపిల్లల్ని పొట్టన పెట్టుకుంటుండేది అదే!"

కామమ్మ కంచె అవతలి ఇంటివైపు చెయ్యి చాపింది. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఆడబిడ్డ రోజారమణి.

కోట ఊరి నుంచి వచ్చిన పశువుల డాక్టరు హరినాథ్ ఆ మాట విననట్టే దొడ్లో గొంతుక్కూర్చుని ఒక పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. దాని ఒళ్ళంతా జిడ్డు, నల్లటి చెక్కులు. వేలు తగిలితే చాలు, తోలు ఉల్లిపొరలా ఊడి వస్తోంది. పదకొండింట్లో రెండు నిన్ననే పోయాయి. మిగిలిన తొమ్మిదీ కూడా పోతే కామమ్మ పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"ఇంతకీ ఆమె ఏం చేసిందమ్మా?"

"పుట్టిన మూడోనాడు వొచ్చి, 'ఎంత ముద్దుగా ఉండాయి వదినా' అనింది. చాలదా? నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్ది! ఆ పూటే అన్నిటికీ దిష్టిచిప్పలు కట్టినా. అయినా ఆగలే. సాయంత్రం పెద్దమనుషుల ముందర నిలబెట్టి అడిగేస్తా. ఇంక దానికీ నాకూ చెల్లు."

పిల్ల మెడలో వల దారానికి గుచ్చిన ఆలిచిప్ప వేలాడుతోంది. డాక్టరు దాని అంచును వేలితో తడిమి చూశాడు.

"ఈ రోగం లేని పిల్ల ఒక్కటైనా ఉందా?"

"లేకేం! పన్నెండోది దానింట్లోనే ఉండాది. ఈతకొకటి ఆడబిడ్డకివ్వడం మా ఆనవాయితీ. అది మాత్రం గుండ్రాయల్లే తిరగతా ఉండాది. ఇంకేం సాక్ష్యం కావాల సార్?"

డాక్టరు కళ్ళు మెరిశాయి. పిల్లను చంకనెత్తుకుని కంచె దాటాడు. పది రోజులుగా ఆ గడప తొక్కని కామమ్మకు కూడా ఆరాటం ఆగలేదు, వెనకే వెళ్ళింది. రోజారమణి వదిన మొహం చూడకుండానే తన పిల్లను తెచ్చి ఇచ్చింది. నున్నగా, బొద్దుగా ఉందది.

డాక్టరు రెండు మెడలూ పక్కపక్కన పెట్టి చూశాడు. జబ్బుపిల్ల మెడ మీద సన్నటి గీతలు బోలెడున్నాయి.

"ఈ రోగం తెచ్చే సూక్ష్మజీవి పందుల తోలు మీద ఊరికే పడి ఉంటుందమ్మా. చిన్న గీత పడితే చాలు, లోపలికి దిగి విషం వదులుతుంది. ఆ విషమే తోలు పొరల్ని విడదీస్తుంది. పిల్లలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పడుకుంటాయి కదా, ఈ చిప్పల అంచులు గీరేశాయి. ముందు వీటిని తీసెయ్యి. నేను సూదులేస్తాను, బతుకుతాయి."

కామమ్మ జబ్బుపిల్ల మెడలోని చిప్పను తెంపేసింది. తన చేత్తో తనే కట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా ఒక అనుమానం మాత్రం మిగిలిపోయింది.

"దీనికీ కట్టే ఇచ్చినా గదా రోజా? ఆ చిప్ప ఏమయింది?"

రోజారమణి అప్పుడు చూసింది వదిన మొహంలోకి.

"నా కన్ను పడకుండా కట్టిన చిప్ప గదా వదినా. నా ఇంటికే వొచ్చేసినాక ఇంకెందుకని, ఆ రోజే తీసేసినా."