జీపు మీద గుడారం

“పైన ఏముండాదమ్మా ఇంత బరువు?” అన్నాడు తిమ్మప్ప, జీపు కప్పు మీది ఇనుప చట్రం కిందికి గుంజను నెడుతూ.

“టెంటేనండి. మడత విప్పితే ఇద్దరం పడుకోవచ్చు,” అంది సుష్మిత.

“పండుకునేకి నేల ల్యాకనా, బండెక్కేది?”

ఆమె నవ్వింది. ఆమె భర్త కార్తికేయ చట్రాన్ని భుజంతో ఎత్తి పట్టుకున్నాడు. అంతకుముందే వజ్రకరూరు దారి గుంతల్లో, చట్రాన్ని జీపుకు పట్టి ఉంచే బిగింపులు ఒకవైపు విరిగాయి. టెంటు ఒరిగింది. ఇద్దరు కలిసి దించలేని బరువు. జీపు తిమ్మప్ప చేను గట్టున ఆగిపోయింది.

తిమ్మప్ప పాత పందిరి గుంజలు రెండు తెచ్చాడు. ఒకదాని మొదలు చెదలు తింది. అంతవరకు కోసి, కింద రాయి పెట్టాడు. రెండూ చేను వైపే నిలబెట్టాడు. ముందురోజే వాన పడింది. గట్టు ఇంకా మెత్తగా ఉంది.

“ఎంతమంది ఎక్కినా కదల్దు సార్,” అన్నాడు.

ఆ ఊళ్లో వాన పడితే రైతులు వేరుశనగ విత్తుతారు. పైఊళ్లవాళ్లు వచ్చి వజ్రాల కోసం చేలల్లో వంగి రాళ్లు ఏరతారు. ఈ ఇద్దరూ వంగలేదు. తిమ్మప్పకు అక్కడే అనుమానం మొదలైంది.

మర్నాడు పొద్దున కార్తికేయ టెంటు అంచున కూర్చుని, కానుగ చెట్టున్న మూలకు చూస్తున్నాడు. టెంటుకు నాలుగు వైపులా కిటికీలున్నాయి. తిమ్మప్ప టీ తెచ్చిచ్చాడు. కార్తికేయ తాగినంతసేపూ గ్లాసు కింద పెట్టలేదు, కూర్చున్న తీరు మార్చలేదు.

“ఏం చూస్తాండారు సార్?”

“ఏం లేదండి. ఊరికే.”

సుష్మిత రాత్రి జీపులోనే పడుకుందని తిమ్మప్ప గమనించాడు. ఇంటికి పోయి భార్యతో చెప్పాడు.

“పెండ్లాం కింద కాపలా, మొగుడు పైన చూపు. వజ్రం పొద్దుటెండకు మెరుస్తాదంట బయమ్మా. నేల మీద నుంచి చూస్తే కనపడదు. అందుకే బండి మీద గుడారం.”

“నీకెవరు చెప్పినారు?”

“ఒకరు చెప్పాల్నా? కండ్లు ల్యావా నాకు?”

“ఆ కండ్లతో విత్తనాలు చూడు. ఒలిచి మూటగట్టినా. నేలలో తడి పదును పోయినాక విత్తుతావా? పోయినేడు చేను బీడే. ఈ ఏడూ అంతే అయితే బెంగళూరికి కూలికి పోవాల్సిందే.”

మధ్యాహ్నం సుష్మిత తువ్వాలులో ఏదో చుట్టుకుని ఉరవకొండ బస్సెక్కబోయింది.

“ఏమమ్మా అది?”

“విరిగిన బిగింపులండి. వెల్డింగుకు.”

మూట పిడికిలంత ఉంది. సాయంత్రం మూటతోనే తిరిగొచ్చింది. కరెంటు లేదట, రేపు రమ్మన్నారట. రాయి చూపించి బేరం కుదుర్చుకుని వచ్చిందనుకున్నాడు తిమ్మప్ప. జీపు వైపు చూశాడు. కార్తికేయ మళ్లీ ఆ మూలకే తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు చేను విత్తేందుకు వీరేష్ ట్రాక్టరు తెచ్చాడు.

“మామా, యాడ నుంచి మొదలుపెట్టేది?”

“ఈ పొద్దు వద్దు. పక్క చేనుకు పో.”

“పదునుండాది మామా. రేపటికి నేను దొరకను.”

“పోప్పా అంటే.”

ట్రాక్టరు తిరిగితే రాయి మట్టిలో కలిసిపోతుంది. తిమ్మప్ప పార తీసుకుని కానుగ చెట్టు దగ్గరికి నడిచాడు. ఆ రోజూ తవ్వాడు, తర్వాతి రోజూ తవ్వాడు. గాలి లేచింది. బయమ్మ వచ్చి గుంత చూసింది. పిడికెడు మట్టి తీసి నలిపింది. పొడిగా రాలింది. చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

గుంతలో గులకరాళ్లే దొరికాయి. గట్టు మీద కార్తికేయ కొత్తగా అతికించిన బిగింపులు బిగించి, గుంజలు తీసి పక్కన పడుకోబెట్టాడు. బయల్దేరబోతుంటే తిమ్మప్ప జీపుకు అడ్డం నిలబడ్డాడు. చేతులకు మట్టి ఉంది.

“సార్, నేను గుంజలిచ్చినా. టీ ఇచ్చినా. ఇప్పుడన్నా నిజం చెప్పండి. ఆ మూల ఏం చూసినారు?”

కార్తికేయ భార్య వైపు చూశాడు.

“చెప్పకూడదనుకున్నాం,” అంది సుష్మిత. “అంత సాయం చేశారు. బాధపడతారని.”

“పడనులేమ్మా. చెప్పండి.”

కార్తికేయ మొహమాటంగా కింద ఉన్న గుంజల వైపు చూశాడు.

“అటువైపు గుంజ పొట్టిదండి, అటే కాళ్లు తన్నిపెట్టి కూర్చోకపోతే జారిపోతున్నాను.”